ఎదురుకాళ్ల పిల్ల తొక్కిన నడుములు

“నానమ్మా, ఆ కాలు కిందికి దించు. దించుతవా, చాప గుంజమంటవా?”

“గుంజవే, గుంజు. మీ నాయన పుట్టకముందు నుంచి నడుములు సరిజేస్తున్న కాలిది. నువ్వు నాలుగు బొమ్మలు చూసొచ్చి దించమంటే దిగుతదా?”

“బొమ్మలు కాదు, మూడేండ్ల నుంచి చదువుతున్న. యాకూబ్ తాతకు వచ్చింది ఒట్టి కండపట్టు కాదు. నువ్వు తొక్కితే కాలు పడిపోతది.”

“నేను తొక్కితే పడిపోయినోడు ఎవడే? ఒక్కని పేరు చెప్పు చూద్దాం!”

“నాకేం తెల్సు? తొక్కింది నువ్వు. నువ్వే చెప్పాలె.”

“అమ్మా,” అని చాప మీద నుంచి యాకూబ్ మూలిగాడు. “మీ పంచాయతీ తెగేదాంక నేను గిట్లనే బోర్లా ఉండాల్నా? మూతి చాపకు ఒరుసుకుంటున్నది. తొక్కెటోళ్లు తొక్కున్రి, లేపెటోళ్లు లేపున్రి.”

అప్పటికి ఇంకా పొద్దు పొడవలేదు. మా పంచలో దూలానికి వేలాడే తాడును ఎడమచేత్తో పట్టుకుని, కుడికాలు యాకూబ్ నడుం మీద ఆనించి నిలబడ్డాను. ఎదురుగా నా కొడుకు కూతురు శిరీష. చేతిలో బ్రష్షు, మూతి నిండా నురగ. ఖమ్మంలో ఫిజియోథెరపీ చదువుతుంది. సెలవులకు వచ్చిన నాటి నుంచి ఇంట్లో ఎవరు ఎట్లా కూర్చుంటున్నారు, ఎట్లా వంగుతున్నారు అని చూడడం, నొసలు చిట్లించడం తప్ప ఈ పిల్ల చేసిన పని లేదు. చీపురు పట్టి వాకిలి ఊడ్వదు గానీ, ఊడ్చే నా వెనక నిలబడి, “నడుం వంచకు, మోకాళ్లు వంచు” అంటుంది. మోకాళ్లు వంచి వాకిలి ఊడ్చేవాళ్లను నేనింతవరకు చూడలేదు. వాళ్ల కాలేజీలో ఊడుస్తారేమో.

యాకూబ్ ఇల్లెందులో దూదేకి పరుపులు కుడతాడు. దూది ఏకడానికి ఇప్పుడు మిషను వచ్చింది గానీ, పరుపు మీద వంగి దబ్బనంతో కుట్టేది మాత్రం ఆయన నడుమే. పెళ్లిళ్ల కాలం వచ్చే ముందు ఏటా ఒకసారి మా ఇంటికి వచ్చి నడుం తొక్కించుకుని పోతాడు. నలభై ఏళ్ల అలవాటు. మా వైపు నమ్మకం ఏమిటంటే, తల్లి కడుపులోంచి తలతో కాక కాళ్లతో బయటికొచ్చిన బిడ్డ నడుం తొక్కితే ఎంతటి పట్టయినా వదులుతుంది. పరగడుపున, మూడు పొద్దులు, ఎదురుకాళ్ల బిడ్డ పాదం పడాలి. నేను అట్లా పుట్టాను. అందుకే మా అమ్మ నాకు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. ఊరందరికీ నేను ఎదురుకాళ్ల పిల్లని. ముసలిదాన్నయినా ఇప్పటికీ పిల్లనే.

ఇది రాస్తున్నది శిరీష పాత నోటుపుస్తకంలో వెనక మిగిలిపోయిన కాగితాల మీద. సగం పుస్తకం ఖాళీగా పెట్టి కొత్తది కొన్నది మహాతల్లి. నేను మూడో తరగతి దాకా పోయాను. మా అప్పుడు పలక మీద రాసింది చెరిపి మళ్లీ రాసేవాళ్లం, అక్షరం కూడా వృథా పోయేది కాదు.

కాళ్లతో పుట్టినంత మాత్రాన విద్య వస్తుందనుకునేవాళ్లు వెర్రివాళ్లు. నాకు వచ్చింది మా అమ్మమ్మ వల్ల. అమ్మమ్మ కూడా ఎదురుకాళ్లతోనే పుట్టిందట. నన్ను ఐదేళ్లప్పుడే పట్టుకుంది. గోనెసంచిలో వరి ఊక నింపి, ఆ సంచి కింద పొడుగునా ఒక వెదురుకర్ర పెట్టేది. దూలానికి తాడు కట్టి, అది పట్టుకుని సంచి మీద నడవమనేది. ఊకలోంచి కర్ర ఎక్కడుందో పాదానికి తెలియాలి. కర్రకు అటూ ఇటూ నడవాలి, కర్ర మీద కాలు పడకూడదు. పడిందా, పిక్క మీద చింతబరిగె పడేది. “అది వెన్నుబొక్క. బొక్క మీద కాలు పెట్టినోడు మనిషి మీద కాలు పెట్టొద్దు” అనేది. ఏడాది పాటు ఊక తొక్కాను. ఆ తర్వాతే మనిషి మీదికి ఎక్కనిచ్చింది.

అడవి అంచు ఊరు మాది. ఎండాకాలం తెల్లవారుజామున లేస్తే ఆరబోసిన విప్పపువ్వు వాసన, బీడీలకు ఎండబెట్టిన తునికాకు వాసన కలిసి ఇల్లంతా మత్తుగా ఉండేది. అమ్మమ్మ ముందు నా పాదాలు గోరువెచ్చని నీళ్లతో కడిగేది. చల్లటి పాదం తగిలితే కండ ఉలిక్కిపడి ముడుచుకుంటుందట. తర్వాత తన అరచేతిలో ఆముదం పోసుకుని నా అరికాళ్లకు రాసేది. చుక్క మిగిలితే తన జుట్టుకు రుద్దుకునేది. చెప్పులు వేసుకోనిచ్చేది కాదు, అరికాలు మొద్దుబారుతుందని. మొద్దుబారని అరికాలితో ముళ్ల దారిలో ఎట్లా నడవాలో మాత్రం చెప్పేది కాదు. నేనడిగితే, “చూసి నడువు” అనేది. అంతే. ఇప్పటి పిల్లలకు ఆ ఒక్క మాట చెప్పడానికి మూడేళ్ల చదువు కావాలి.

వీపులో ఏముందో ఆమె పుస్తకంలో చూడలేదు. పాదంతో చూసింది. చంక కింద నుంచి నడుం దాకా పరుచుకున్న వెడల్పాటి కండను చేట అనేది. వెన్నుబొక్కకు అటొకటి ఇటొకటి మెడ దాకా పోయే రెండు పొడుగు కండలు పగ్గాలు. చివరి పక్కటెముకకూ తుంటికీ నడుమ లోపలికి దాక్కున్నది మూల. రెండు రెక్కల మధ్య ఉన్నవి తడకలు. “పగ్గం బిగిస్తే మనిషి వంగలేడు, మూల బిగిస్తే మంచంల ఒత్తిగిలలేడు, తడక బిగిస్తే ఊపిరి తీసినప్పుడల్లా మొగుణ్ణి తిడుతది” అని నవ్వేది. వీపును చూసి మనిషి పని చెప్పేది. తిరుమలాయపాలెం వైపు మిరపకాయలు ఏరడానికి పోయే ఆడవాళ్ల పగ్గాలు నారతాళ్లలా గట్టిగా ఉండేవి, పొద్దంతా వంగి వంగి. అడవి లోపలి గూడేల నుంచి కావడి మీద వెదురు తెచ్చే కోయవాళ్లకు ఒక భుజం మీది కండ రొట్టెలా పొంగి ఉండేది, వీపు మాత్రం దున్నిన చేనులా చాళ్లు తీరి ఉండేది. అంత చక్కని వీపులు మళ్లీ నేను తొక్కలేదు. వాళ్లకు నడుంపట్టు వచ్చేదీ తక్కువే.

ఇప్పటి వీపుల సంగతి చెప్పాలంటే నాకు సిగ్గు. మా అబ్బాయి కరెంటాఫీసులో కుర్చీలో కూర్చుని పని చేస్తాడు. బస్తా ఎత్తిన పాపాన పోలేదు. వాడికి నడుంనొప్పి! నడుముకు నల్లటి బెల్టు కట్టుకుని, ఎడ్లబండి తోలి వచ్చినవాడిలా అబ్బా అని కూర్చుంటాడు. వాడి వీపు మీద కాలు పెడితే నానిన అటుకుల సంచి మీద పెట్టినట్టుంది. చేట లేదు, పగ్గం లేదు. కోడలు ఫోన్లోకి తల దూర్చి దూర్చి మెడ వెనక మూపురం తెచ్చుకుంది. దాని మీద నొప్పుల పిచికారీ కొట్టుకుంటుంది. చేనుకు కొట్టే మందు వాసనే నయం.

ఇక శిరీష తెచ్చిన పటం. నా మంచం ఎదురుగా గోడకు మేకు కొట్టి వేలాడదీసింది. తోలు ఒలిచిన మనిషి వీపు. మేకపోతును కోసి వేలాడదీసినట్టు ఎర్రెర్రగా ఉంటుంది. అన్నం తినేటప్పుడు అటు చూడను. “ఇది ట్రెపీజియస్, ఇది లాటిసిమస్ డోర్సై, ఇవి ఎరెక్టర్ స్పైనే, లోపలిది క్వాడ్రేటస్ లంబోరమ్” అని వేలుపెట్టి చదువుతుంటే, చేటను చేట అనడానికి ఇంత నాలుక తిప్పాలా అనిపించింది. అడిగాను కూడా.

“గీ లాటిసమో ఏందో, ఎక్కడ బిగిసిందో చేత్తో చూసి చెప్తవా?”

“చెప్త.”

“మీ నాయన మీద చూసి చెప్పు.”

చూసి, “నాయనకు బిగిసినయ్ ఏం లేవు నానమ్మా, బిగియడానికి ముందు కండ ఉండాలె కదా” అంది. ఆ ఒక్క మాటకు మాత్రం మెచ్చుకున్నాను. పైకి అనలేదు.

ఇంత విద్య నేర్పిన అమ్మమ్మ, కాలు పెట్టే ముందు ఒక పని చేసేది. దాని గురించి నేను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లోవాళ్లకు కూడా. వచ్చిన మనిషిని కళ్లు మూసుకోమనేది. చూరులో దోపిన కోడి ఈక తీసి, మనిషి పాదం మీద, బొటనవేలికీ పక్కవేలికీ సందున మెల్లగా గీసేది. “ఎక్కడ తాకింది?” అని అడిగేది. రెండు పాదాలకూ అట్లాగే. ఆ తర్వాత బొటనవేళ్లు పైకి లేపమని, వాటిని తన వేలితో కిందికి నొక్కి చూసేది. ఈక తగిలింది తెలిసి, వేలు గట్టిగా నిలిస్తే సరే. తెలియకపోయినా, వేలు వాలిపోయినా తొక్కనిచ్చేది కాదు. “ఇది కండ కాదు, లోపలి నరం. మనం ముట్టొద్దు. దవాఖానాకు పో” అనేది. బండి కట్టుకుని పది కోసుల నుంచి వచ్చినవాళ్లనైనా సరే, కూసుమంచి నుంచి వచ్చిన మోతుబరినైనా సరే, వెనక్కి పంపేది. వాళ్లు తిట్టుకుంటూ పోయేవాళ్లు.

నాకు పన్నెండేళ్లప్పుడు తునికాకు కల్లం మీది గుమాస్తా నడుంపట్టుతో మా ఇంటికి వచ్చాడు. అడవిలో ఏరిన ఆకు కట్టలు కల్లానికి తెస్తే, ఏది మంచిది ఏది పనికిరాదు అని చెప్పేవాడు ఆయనే. ఆయన నోట పనికిరాదు అని వస్తే ఆ ఎండాకాలం కష్టమంతా చెత్తకింద పోయినట్టే. మా నాయన ఆయన్ను చేతులు కట్టుకుని లోపలికి తెచ్చాడు. గుమాస్తా వాకిలి దాటి పంచలోకి వస్తుంటే ఎడమకాలి చెప్పు గుమ్మం దగ్గరే జారిపోయింది. ఆయనకు తెలియలేదు. ఒక చెప్పుతోనే వచ్చి చాప మీద కూర్చున్నాడు. నేను నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు. ఆ చెప్పు వైపు చూసి, ఈక తీసింది.

ఈక గీస్తే ఆయన ఉలుకూ పలుకూ లేదు. వేలు వాలిపోయింది.

“తొక్కొద్దు” అంది అమ్మమ్మ.

“నీ ఈకను పొయ్యిల పెట్టు అత్తా,” అన్నాడు మా నాయన, గొంతు తగ్గించి. “ఈ ఎండకాలం ఆకంత ఈయన చేతుల ఉన్నది. నడుం పట్టింది, పిల్ల తొక్కుతది, అంతే.”

“ఆకు పోతే మళ్లొస్తది. కాలు రాదు.”

“బిడ్డా, నువ్వెక్కు.”

నేను ఎక్కాను. ఎవరూ నా రెక్క పట్టి ఎక్కించలేదు. అంత పెద్దమనిషి నా కాళ్ల కింద బోర్లా పడుకున్నాడన్న గర్వం నాకు. ఎడమ పగ్గం ఇనప కడ్డీలా బిగిసి ఉంది. మడమ పెట్టి నెమ్మదిగా బరువు వేస్తే, రెండు మూడు తొక్కులకు అది లొంగింది. గుమాస్తా లేచి నిలబడి, హాయిగా ఉంది, పిల్ల చేతిలో కాదు కాల్లో ఉంది మందు అని నవ్వాడు. నాయన మొహం వెలిగిపోయింది. అమ్మమ్మ ఈకను చూరులో దోపి, కోళ్లకు నూకలు వేయడానికి వెళ్లింది.

మూడో పొద్దుకు ఆయన రాలేదు. కబురు వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడని. ఆ తర్వాత నేను ఆయన్ను చాలాసార్లు చూశాను. కర్ర సాయంతో, ఎడమ పాదం నేలకు గీసుకుంటూ. ఆ ఏడు మా కట్టలన్నీ పనికిరాకుండా పోయాయి. ఊళ్లో మాత్రం ఎవరూ ఈక మాట అడగలేదు. పిల్ల నిజంగా కాళ్లతో పుట్టిందో లేదో అని మంత్రసానిని నిలదీశారు. ఆమె ఒట్టు వేస్తే, అయితే అమావాస్య నాడు తొక్కిందేమో అన్నారు. తప్పును పుట్టుక మీదికి, తిథి మీదికి తోసేస్తే చేసినవాళ్లకు ఎంత సుఖం! మా నాయన ఆ సుఖంలోనే బతికాడు. నేనూ బతికాను. అమ్మమ్మ ఒక్కటే అన్నది, అదీ నన్ను చూడకుండా: “ఈక చెప్పింది విననోళ్లకు ఈకెందుకు?” ఆమె మళ్లీ నా ముందు దాన్ని తీయలేదు. నేనూ పట్టలేదు. పడితే మొదటి తప్పు ఒప్పుకున్నట్టే కదా. ఆ తర్వాత అరవై ఏళ్లు తొక్కాను. ఇంకెవరికీ ఏమీ కాలేదంటే అది విద్య కాదు, అదృష్టం. ఆ మాట రాయడానికి నాకు ఈ వయసు కావాల్సివచ్చింది.

అందుకే శిరీష “నువ్వే చెప్పాలె” అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. కాలు మాత్రం దించలేదు.

“ఒక్క నిమిషం ఆగు నానమ్మా. నేను చూసినంక తొక్కుదువు. తాతా, కండ్లు మూసుకో.”

“మూసుకునే ఉన్న బిడ్డా, తెరిస్తే చాపే కనబడతది.”

నురగ ఉమ్మి వచ్చి, పిల్ల ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. యాకూబ్ చొక్కాకు ఎప్పుడూ దూదిపింజలు అంటుకుని ఉంటాయి. వాటిలో ఒకటి పీకి, కొస సన్నగా నలిపి, ఆయన కుడిపాదం ఎత్తి పట్టి, బొటనవేలి పక్క సందున గీసింది.

“ఎక్కడ తాకుతున్నది?”

“బొటనేలు పక్కన.”

ఎడమపాదం మీద, అదే సందులో గీసింది. యాకూబ్ మాట్లాడలేదు. ఇంకోసారి గీసింది. మాట్లాడలేదు.

“తాతా, చెప్పు.”

“నువ్వు గీసినప్పుడు చెప్త గద.”

పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. జన్మంతా దూదితో బతికినవాడికి దూది తగిలింది తెలియలేదు. నా కాలు పక్కకు జరిపి, ఆయన్ను వెల్లకిలా తిప్పి బొటనవేళ్లు లేపమంది. కుడివేలు నిలిచింది. ఎడమవేలు ఆమె చిటికెనవేలికే వాలిపోయింది.

అప్పుడు నేను వాకిలి వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. యాకూబ్ ఎడమ చెప్పు గేటు దగ్గర పడి ఉంది. ఆయన వచ్చినప్పుడే నేను దాన్ని చూశాను. “చెప్పులు ఒక్క జాగల విడువరాదా, కుక్క ఎత్తుకపోతది” అని కసురుకున్నాను కూడా. కసిరి, చాప పరిచాను. పన్నెండేళ్లప్పుడు నవ్వాను, డెబ్బై దాటాక కసిరాను. తెలివి అంతే పెరిగింది.

తాడు వదిలేసి అరుగు మీద కూర్చున్నాను.

“ఏమైందక్కా, తొక్కవా?” అన్నాడు యాకూబ్. “పది పరుపులు ఒప్పుకున్న. దవాఖానాకు పోతే కోస్తమంటరు. నాకు భయం. నీ కాలు మీద ఉన్న నమ్మకం వాళ్ల కత్తి మీద లేదు.”

“నా కాలును నమ్మితే కర్ర పట్టుకుని తిరుగుతవ్. పో దవాఖానాకు.”

“కోస్తరో లేదో ముందు చూడనీయి తాతా,” అంది శిరీష. “అందరికీ కొయ్యరు. ఆలస్యం చేస్తేనే కష్టం. రేపు నేనొస్త నీతోటి.”

తర్వాత, యాకూబ్‌ను మంచం మీద ఒత్తిగిలబెట్టి, మోకాళ్ల నడుమ దిండు పెట్టి, శిరీష నన్ను ఆ దిక్కుమాలిన పటం ముందు నిలబెట్టింది. వెన్నుబొక్కల మధ్య మెత్తటి బిళ్లలుంటాయట. ఒకటి జరిగి నరాన్ని నొక్కితే, అది ఇంకా జరగకుండా పగ్గాలు బిగుసుకుని కాపలా కాస్తాయట. “కండ బిగిసిందంటే అన్నిసార్లు రోగం కాదు నానమ్మా. ఒక్కోసారి అది లోపలి దెబ్బకు కాపలా. మనం తొక్కి వదులు చేస్తే కాపలావాణ్ణి కొట్టి తరిమినట్టు.” నేను ఇనప కడ్డీని లొంగదీశానని గర్వపడిన ఆ పొద్దు నా మడమకు గుర్తొచ్చింది. అమ్మమ్మకు ఈ బిళ్లల సంగతి తెలియదు. కానీ ఆగాల్సిన చోటు తెలుసు. నాకు తొక్కడం తెలుసు, ఆగడం తెలియదు. ఈ పిల్లకు ఊక సంచి మీద రెండు అడుగులు వేయడం రాదు, ఆగడం మాత్రం అమ్మమ్మ చూపించినట్టే వచ్చింది, ఆమెను చూడకుండానే. అట్లా అని ఈ కాలాన్ని నేను నెత్తిన పెట్టుకోను. అప్పటి వీపులు పని చేసి అరిగాయి, ఇప్పటివి పని లేక చెడ్డాయి. అప్పుడు ఒక ముసలమ్మ ఈకతో చెప్పిందాన్ని ఎవరూ వినలేదు. ఇప్పుడు అదే సంగతి చెప్పడానికి కాలేజీ, పటం, తెల్లకోటు కావాలి. అప్పుడు వింటారు. మనుషులు మారారని ఎవరైనా అంటే నేను నమ్మను.

“నీకు గిదంతా ముందే తెల్సా నానమ్మా? నేను దూది గీస్తుంటే నీ మొహం ఎట్లనో అయింది.”

“తెల్సు.”

“మరి ఎందుకు తొక్కబోయినవ్?”

గుమాస్తా గురించి చెప్పాను. మొదటిసారి, ఇంట్లో ఒక మనిషికి. పిల్ల నన్ను ఓదార్చలేదు, ఆ మాత్రం బుద్ధి దానికి ఉంది. “ఆయన పేరేంది?” అని మాత్రం అడిగింది. పొద్దున ఒక్కని పేరు చెప్పమన్నది నేనే కాబట్టి, చెప్పాను.

మర్నాడు పొద్దున ఆరు గంటల బస్సుకు యాకూబ్ ఖమ్మం దవాఖానాకు వెళ్లాడు. శిరీష వెంట వెళ్లింది. ఎడమ చెప్పు జారకుండా నా పాత చీర అంచు చింపి పాదానికి కట్టాను. బస్సు కదిలాక ఇంటికొచ్చి, దూలానికి ఉన్న తాడు విప్పి దూడకు కట్టాను. చాప ఇంకా గట్టిగానే ఉంది. దులిపి కోళ్ల గూటి మీద కప్పాను.